ఇగ నేనొస్త

ఆ పూట వచ్చిన నాలుగో మనిషి బొటనవేలిని స్టాంపు ప్యాడ్ మీద అద్ది, కాగితం మీద నొక్కి, నూనెగుడ్డతో తుడిచింది దేవకృప. పంతొమ్మిదేళ్లుగా ఆ ఆసుపత్రిలో ఇదే పని. కొత్త మందుల పరీక్షకు వచ్చేవాళ్లకు కాగితం చదివి వినిపించాలి, వేలిముద్ర వేయించాలి. "మీకు ఇష్టం లేకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు" అన్న ఆఖరి ముక్క దగ్గరికొచ్చేసరికి నోరెండిపోయి, సగం మింగేసేది. ఆమెవి వాచిన మోకాళ్లు, దారంతో కట్టిన కళ్లద్దాలు. ఓపిక ఏనాడో అయిపోయింది పాపం.

"శారదమ్మ సోమవారం రాలేదు. వెళ్లి తీసుకురండి," అన్నాడు డాక్టర్ పద్మనాభం.

శారదమ్మ మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. పదిహేను రోజుల కింద వచ్చి, పరీక్షకిచ్చిన మందు గోలీల డబ్బా బల్లమీద పెట్టింది.

"తలకాయ గిర్రున తిరుగుతుంది బిడ్డా. ఇగ నేనొస్త."

దేవకృప తలెత్తకుండానే "మళ్లీ వస్తానన్నారు" అని రిజిస్టర్‌లో రాసుకుంది. డబ్బా మరిచిపోయిందనుకుని గుమ్మందాకా పరుగెత్తి, ఆమె సంచిలో కుక్కి వచ్చింది. ఎంత మంచిపని చేసిందో!

మార్కెట్‌లో శారదమ్మ చోట ఉత్త గోనెపట్టా ఉంది. పక్కన కొత్తిమీర కట్టలు కడుతున్నామె తలెత్తింది.

"సాలని చెప్పే వచ్చిందమ్మా ఆమె. మీరే డబ్బా ఎనకకిచ్చిన్రంట గదా? పెద్ద డాక్టర్లు, కాదంటే ఏమనుకుంటరో అని మింగింది. మొన్న శనివారం ఈడనే కూలవడ్డది. మల్ల లేవలే." పాలకూర మరకలంటిన శారదమ్మ డబ్బా తీసి ఇచ్చింది.

అయ్యో, సెలవు తీసుకునేవాళ్లు పోతానంటారా ఎవరైనా? వస్తాననే కదా అంటారు! దేవకృప కూడా పుట్టినప్పటినుంచీ అదే అంటోంది. ఆ బల్ల ముందు కూర్చున్నాక తన భాషే తనకు వినబడకుండా పోయింది. శారదమ్మ గోలీల వల్ల పోయిందో కాదో ఆమెకు తెలియదు. మానుకుంటానన్న మనిషిని మాననియ్యలేదని మాత్రం తెలుసు.

ఆసుపత్రికొచ్చి చెబితే, పద్మనాభం విని కళ్లు నులుముకున్నాడు. "మధ్యలో రావడం మానేసిందని రాసెయ్యండి. ఎందుకు పరేషాన్?"

"మానుకుంటానని నోటితో చెప్పింది సార్. నేనే మాననియ్యలేదు." అదే మాట రిజిస్టర్‌లో రాసి, కింద సంతకం పెట్టింది. సంతకం పక్కన మెడలోని గుర్తింపు కార్డు తీసి పెట్టింది.

"ఇగ నేనొస్త సార్."

ఆయన ఫోన్‌లోంచి తలెత్తలేదు. "రేపు జెర జల్దీ రండి."

ఆమె మెట్లు దిగిపోయింది. బల్లమీద, శారదమ్మ ఆనాడు పెట్టినచోటే, ఆకుపచ్చ మరకల గోలీల డబ్బా ఉంది.