కాన్పింటి సబ్బు

బూడిద నీళ్ళలో మా ఆయన క్షౌరం దుకాణం తువ్వాళ్ళు ఉతుకుతుంటే వేళ్ళ పగుళ్ళన్నీ భగ్గుమంటాయి. "ఇంట్ల కూసుండేదానికి సబ్బెందుకే?" అని ఆయన అన్నప్పటి నుంచీ మా ఇంట్లో సబ్బు లేదు.

డెబ్బై నాలుగో సంవత్సరం. డీజిలు ధర పెరిగి బొంబాయి రోడ్డు మీద లారీలు తగ్గాయి. మదీనాగూడలో ఆగి గడ్డం గీయించుకునే డ్రైవర్లు చాయ్ తాగి వెళ్ళిపోతున్నారు. ఊళ్ళోవాళ్ళు గడ్డాలు పెంచుకుని తిరుగుతున్నారు. గడ్డం సబ్బు బజారులో దొరకదు, దొరికినా కొనలేం. మా ఆయన లింగమూర్తికి ఎంతసేపూ నురగ గురించే ఫికర్. మా ఇళ్ళలో మగవాళ్ళు గడ్డాలు గీస్తారు, ఆడవాళ్ళు కాన్పులు చేస్తారు. ఆయన చేసేది పని, నేను చేసేది సాయం. దుకాణం ఎండిపోయాక మా పొయ్యి మీద ఉడికేది కాన్పిళ్ళవాళ్ళు పోసిన బియ్యమే. అయినా ఆ అన్నమే కలుపుకుంటూ "నా రెక్కల కష్టం" అంటాడు. ఒళ్ళు మండిపోతుంది నాకు.

బియ్యంతోపాటు మంత్రసానికి ఒక సబ్బుబిళ్ళ ఇవ్వడం మా దగ్గర ఆనవాయితీ. చేతులు కడుక్కోవడానికి. ఆ బిళ్ళలన్నీ ఆయన లాక్కుని నురగ గిన్నెలో వేసుకుంటున్నాడు. అడిగితే, "డ్రైవర్ల మొఖాలకు బూడిద రుద్దమంటవా?" అన్నాడు. సరే, బూడిద నేనే రుద్దుకున్నాను. ఆ చేతులతోనే చంద్రమ్మ కోడలికి కాన్పు చేశాను. ఆ పిల్లకు జ్వరం పట్టుకుంది. దవాఖానలో చావు తప్పి బయటపడింది. చంద్రమ్మ మా వాకిట్లో నిలబడి, "నీ చెయ్యి మంచిది గాదు సత్తెమ్మా" అంది.

మా ఆయన తలూపాడు. "జర శుభ్రంగ ఉండుమని నేను గూడ చెప్తనే ఉంట" అన్నాడు.

ఆ మాటకు ఏడుపు కూడా రాలేదు. పొద్దున్నే లేచి మళ్ళీ తువ్వాళ్ళే ఉతికాను.

ఇవాళ వాటిని దండెం మీద వేస్తుంటే వెనక వీధి పుణ్యవతి మొగుడు పరుగున వచ్చాడు. ఆమెకు నొప్పులు మొదలయ్యాయట. తొలి కాన్పు. నా చేతులు చూసుకున్నాను. భయమేసింది. తిన్నగా దుకాణానికి నడిచాను. ఆడవాళ్ళం ఆ గడప తొక్కం, తొక్కాను. కుర్చీలో ఒక డ్రైవరు, ఒక చెంప నున్నగా, రెండో చెంప నిండా నురగ. గిన్నెలోంచి సబ్బుబిళ్ళ తీసి కొంగులో మూట కట్టుకున్నాను.

"పిచ్చి లేసిందా ఏంది? మనిషి సగం గడ్డంతోటి కూసున్నడు!"

"కూసోనియ్యి" అన్నాను. "గడ్డం ఆగుతది. కాన్పు ఆగదు."