బే సిటీ రేవులో బట్టల మూట

ఎర్విన్ ఓడ దిగాడంటే ముందు మూట దిగుతుంది, తర్వాతే మనిషి. ఈసారీ అంతే. మాసిన బట్టల మూట రేవులో నిలబడ్డ భార్య బెర్నిస్ కాళ్ళ దగ్గర ధబ్బున పడింది.

"త్వరగా ఉతికి తెచ్చెయ్యవే! సాయంత్రం కదిలిపోతాం" అన్నాడు పైనుంచి, కమ్మీ మీదికి వంగి.

పాత ఓడ రోజులు వేరు. క్రేన్లు రాయి తోడుతుంటే ఓ రాత్రయినా రేవులో ఉండేది. ఈ కొత్తది తన సరుకు తనే దించుకుంటుంది. అడుగున తలుపులు తెరుచుకుంటాయి, సున్నపురాయి బెల్టు మీద పడుతుంది, ఏనుగు తొండం లాంటి చెయ్యి గట్టుకు చాచి కుప్ప పోస్తుంది. ఆ బెల్టు నడిపేది ఎర్వినే. "ఒడ్డున ఎవ్వరూ వేలు కదపక్కర్లేదు" అని ఊరంతా చెప్పుకుంటాడు. మూట మోసే బెర్నిస్ ఆ లెక్కలోకి రాదు.

ఆల్పీనాలోని ఇంటి నుంచి కారు తోలుకొచ్చి, మొగుడికి దొరికే కాస్త తీరికా లాండ్రీ కొట్టులో అతని లోదుస్తులు గిర్రున తిరగడం చూస్తూ గడపడమే ఆమె కాపురం. "వాడు నీళ్ళమీద నానుతున్నాడు, నీకేమమ్మా, పొడి నేలమీద ఉన్నావు" అంటుంది అత్తగారు. రేవుపక్క హోటల్లో ఒక్కసారి అతనికెదురుగా కూర్చుని వేయించిన పెర్చ్ చేప తినాలని బెర్నిస్ కోరిక. అందుకే ఇవాళ నీలం గౌను వేసుకుంది. అతను చూసింది మూట ముడి సరిగ్గా ఉందా లేదా అని.

ఓడ వంటవాడు రోమన్ బంగాళాదుంపల బుట్టతో ఎదురొచ్చాడు. "ఏం వదినా, పెళ్ళికొచ్చినట్టు తయారై మళ్ళీ మూటేనా?"

"ఓడలో ఉతుక్కునే వీలుంటే నాకీ తిప్పలెందుకయ్యా?"

"వీలేమిటి, రెండు మిషన్లున్నాయిగా! మేమంతా ఉతుక్కుంటాం. మీ ఆయనొక్కడే వాటి మొహం చూడడు. ఆ పనీ లాగేసుకుంటే మా ఆవిడ ఇంకెందుకొస్తుంది పాపం, అంటాడు."

బెర్నిస్‌కి నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. మొగుడి కోసం మూటని భరిస్తున్నానని తను అనుకుంటోంది. మూట కోసమే తన దగ్గరికొస్తోందని అతను అనుకుంటున్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఇద్దరి మధ్యా నడిచిన కబురు ఇదన్నమాట. అది కూడా సబ్బునురగలో.

ఆమె మూటని ఓడ నిచ్చెన కొక్కేనికి తగిలించింది.

"ఎర్విన్! మిషను నీ దగ్గరే ఉందట. నేను హోటల్లో ఉంటా."

"అదెలా తిప్పాలో నాకేం తెలుసే?"

"అంత బెల్టు తిప్పేవాడివి, ఇంత మీట తిప్పలేవూ?"

ఎర్విన్ మూటని పైకి లాక్కున్నాడు. "అన్నీ... ఒకేసారి వేసెయ్యనా?"

"ఒకేచోటి రాయంతా ఒకేసారి దించితే ఓడ ఏమవుతుంది?"

"నడుం విరుగుతుంది" అన్నాడు, అలవాటుగా.

"మరదే. తెల్లవీ రంగువీ విడివిడిగా."

రోమన్ నవ్విన నవ్వుకు దుంపలు సగం నీళ్ళపాలయ్యాయి.

హోటల్లో వడ్డించే పిల్ల రెండు కంచాలు పెట్టబోతూ ఆగింది. "మీవారు వచ్చేదాకా ఆగమంటారా అమ్మా?"

బెర్నిస్ కిటికీ పక్క కుర్చీ లాక్కుంది.

"వద్దు. నాకు ఆకలేస్తోంది."