పొద్దుగూకినాక వీచే గాలి

ఇంటి భోజనం పెడితే కొనవచ్చిన పార్టీకి మన మీద నమ్మకం కుదురుతుందన్నది మా ఆయన రాఘవేందర్ వ్యాపార సూత్రం. కీసర దారిలో వెంచరు వేసినప్పటి నుంచీ ప్లాట్లు చూడ్డానికి వచ్చేవాళ్ళను ఆదివారం శామీర్‌పేటలోని మా ఇంటికే తీసుకొస్తాడు. మిగతావాళ్ళు హోటల్లో బిర్యానీ పెట్టిస్తారు. మా దగ్గర నాటుకోడి కూర, వేడివేడి జొన్నరొట్టెలు. రొట్టె పళ్ళెంలో పడగానే ఆయన ఒక మాట అంటాడు, ప్రతిసారీ అదే మాట. "మా ఇంటామె ఇంజినీరు. అయినా రొట్టెలు ఎట్ల జేస్తదో సూడుండ్రి." వాళ్ళు మెచ్చుకోలుగా తలలూపుతారు. ఆ "అయినా" దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. ప్లాటు అమ్ముడుపోతే బ్రోకరు నగేష్‌కు వాటా ఉంది, కారు నడిపినతనికీ ఎంతో కొంత ఉంది. నాకు మాత్రం వచ్చే ఆదివారం ఇంకో పార్టీకి రొట్టెలు చేసే భాగ్యం ఉంది.

ఆ ఆదివారం పార్టీ ఆలస్యంగా, పొద్దుగూకే వేళకు దిగింది. నేను పిండి తడుపుతున్నానే కానీ మనసంతా ఆఫీసులో ఉంది. మేడ్చల్ దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తాను. అనంతపురం కొండల మీద తిరిగే గాలి టర్బైన్లను ఇక్కడ తెరల మీద కనిపెట్టుకొని కూర్చుంటాం. ఇప్పుడు మా కంపెనీకి సముద్రం మీద మనసు పడింది. తూత్తుకుడి తీరాన నీళ్ళలో టర్బైన్లు నిలబెడితే గిట్టుబాటు అవుతుందా కాదా తేల్చమన్నారు. మా మేనేజరు ఫణిభూషణ్ గారు, నాతో పనిచేసే హేమచంద్, నేను కలిసి లెక్క కట్టాం. ఎటునుంచి కట్టినా నష్టమే. నీళ్ళలో పునాది వేయడానికే నేల మీద కన్నా ఎన్నో రెట్ల డబ్బు కావాలి. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది. కొండ మీద ఏదైనా చెడితే జీపులో మనిషిని పంపిస్తాం, సముద్రంలో చెడితే పడవ కావాలి, అలలు తగ్గాలి. సోమవారం మీటింగులో వద్దని చెప్పి ఫైలు మూసేద్దామన్నారు సారు. నాకు మనసొప్పలేదు. ఆ తీరం గాలి వివరాలు చూసిన రోజు నుంచీ నాకు ఆ గాలంటే పిచ్చి. చదువుకున్న చదువంతా దానికోసమే అనిపించేది. ఆ మాట ఎవరితోనైనా అంటే నవ్వుతారేమోనని నాలోనే దాచుకున్నాను.

హాల్లో ఎవరో మేడం ఏం చేస్తారని అడిగినట్టున్నారు. మా ఆయన గొంతు వంటింటిదాకా వినిపించింది. "గాలి ఇంజినీరు అన్నా. సముద్రంల ఫ్యాన్లు పెడ్తరట. భూమైతే ఏడికి పోదు, గాలి మీద పైసలు పెట్టుడేంది?" అందరూ పగలబడి నవ్వారు. నేను రొట్టెను ఇంకాస్త గట్టిగా చరిచాను.

అప్పుడే పక్కన మసాలా పడుతున్న మా అత్తమ్మ బుచ్చమ్మ మిక్సీని తిట్టడం మొదలుపెట్టింది. కరెంటు తగ్గి ఫ్యాను నెమ్మదించింది, మిక్సీ మూలుగుతోంది. రోజూ ఈ వేళకు ఇంతే. కిటికీలోంచి చూశాను. వీధి మొత్తం లైట్లు. అన్ని ఇళ్ళలో నీళ్ళ మోటార్లు, గీజర్లు, ఏసీలు, కుక్కర్లు, ఒక్కపెట్టున. నా చెయ్యి ఆగిపోయింది.

మా లెక్కలో కరెంటుకు రోజంతా ఒకటే ధర వేశాం. వేసింది ఫణిభూషణ్ గారు. సాయంత్రమంటే ఆయనకు కాళ్ళు చాపుకొని టీ తాగే వేళ. నాకు తెలుసు సాయంత్రమంటే ఏమిటో! ఆఫీసు చెప్పులు విడిచీ విడవకముందే మిక్సీ, మోటరు, వాషింగ్ మెషిన్ అన్నీ కలిపి నేనే వేస్తాను. ఊళ్ళో ఆడవాళ్ళందరూ అప్పుడే వేస్తారు. సూర్యుడు దిగాక సోలారు పడుకుంటుంది, కంపెనీలు కరెంటు కొనే బజార్లో ధర కొండెక్కి కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడు కూడా సముద్రం మీద ఆ గాలి తగ్గడం లేదు. తగ్గడం లేదు! ఆ వివరాలు నాకు కంఠతా వచ్చు. నవ్వు ఆగలేదు.

"రొట్టె మాడ్తాంది తృప్తీ" అంది అత్తమ్మ. మాడనీ అని ఆమె చేతికి అట్లకాడ ఇచ్చేసి, చేతులు కడుక్కొని ల్యాప్‌టాప్ తెరిచాను. హాల్లోంచి రొట్టెల కోసం రెండుసార్లు పిలుపొచ్చింది. నేను లేవలేదు. సాయంత్రం ధర వేసి చూస్తే లాభం ఎగిరొచ్చి ఒళ్ళో పడలేదు కానీ, మూసేయాల్సిన తలుపు మాత్రం తెరుచుకుంది. ఒక ఏడాది అక్కడే ఉండి గాలిని కొలిచి చూడదగ్గ పని అని తేలింది.

పొద్దున్నే సారుకు చూపించాను. చాలాసేపు చూసి బాగుందన్నారు. హేమచంద్‌కు పంపు, మీటింగులో అతను మాట్లాడతాడు అన్నారు. నేనే మాట్లాడతానన్నాను. ఆయన వింతగా చూశారు కానీ కాదనలేకపోయారు.

ఛైర్మన్ మధుసూదన్ గారు పెద్దమనిషి, సూటిగా అడుగుతారు. మీటింగులో నా మాట విని, సముద్రంలో పెట్టిన టర్బైన్‌ను నమ్ముకోవచ్చా అన్నారు. చెడిపోతుంది సార్ అన్నాను. అలలు లేచే నెలల్లో చెడితే మనిషి పోలేడు, ఆ రోజులన్నీ నష్టమే, అవి కూడా లెక్కలో వేశాను అన్నాను. చౌక కరెంటు కావాలంటే నేల మీదే పెట్టుకోండి, అందరికీ ఒక్కసారే కరెంటు కావాల్సిన వేళ నిలబడే గాలి కావాలంటే మాత్రం సముద్రం దాకా పోవాల్సిందే అన్నాను. నా మాటలు నాకే కొత్తగా, ఇష్టంగా వినిపించాయి. ఆయన మళ్ళీ మళ్ళీ గుచ్చి అడిగారు, నేను చెప్తూనే ఉన్నాను. చివరికి సరే, ఏడాది కొలుద్దాం అన్నారు. తూత్తుకుడిలో ఎవరుంటారని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే ఫణిభూషణ్ గారు అందుకున్నారు. "హేమచంద్ ఉంటడు సార్. తృప్తికి కుదరదు. ఇందాక వాళ్ళాయనకు ఫోన్ జేసి కనుక్కున్న. నాకు ప్లాటు ఇప్పిచ్చింది ఆయననే. ఆమె పోతె ఇల్లు ఆగిపోతది అన్నడు."

ఎవరో సానుభూతిగా తలూపారు. ఇల్లు ఆగిపోతుందట. ఇన్నేళ్ళలో నా పనికి మా ఆయన కట్టిన మొదటి విలువ అది, అదీ నాతో కాదు, నా మేనేజరుతో. కోపం రావాలి, వచ్చింది. దానికన్నా ఎక్కువగా సంతోషం ముంచుకొచ్చింది. అంటే ఆయనకు తెలుసన్నమాట. మొదటి నుంచీ తెలుసు.

"ఆయనను అడిగిండ్రు గద సార్. ఇప్పుడు నన్ను అడగుండ్రి" అన్నాను.

ఛైర్మన్ గారు కళ్ళజోడు తీసి నా వైపు తిరిగారు.

"పోతవా అమ్మా?"

"పోత సార్. ఇల్లు ఆగిపోతె, ఎక్కడ చెడిందో ఇంట్ల ఉన్నోళ్ళు సూసుకుంటరు."