కొండ బొమ్మ కోటు, మైనం కోటు

మంగళవారం ఉదయం ఆరు గంటలకు గ్రీజు మనిషి రెండు వానకోట్లతో రోప్‌వే పెట్టె ఎక్కింది. ఒకటి ఒంటి మీద ఉంది. రెండోదాన్ని పెట్టెలో కొక్కేనికి తగిలించింది.

ప్రయాణికులకు రోప్‌వే తొమ్మిదికి మొదలవుతుంది. వారానికోసారి, మంగళవారం, అంతకు ముందు మూడు గంటలు ఆ తీగ ఆమెది. కింది స్టేషనుకూ పై స్టేషనుకూ మధ్య నాలుగు స్తంభాలు. కింది స్టేషనులో మీట దగ్గరుండే మేస్త్రీ ఒక్కో స్తంభం దగ్గర పెట్టె ఆపుతాడు. ఆమె నిచ్చెన మీదికి మారి, చక్రాలకు గ్రీజు కొట్టి, మళ్లీ పెట్టెలోకి వస్తుంది. ఏళ్ల తరబడి అదే పని కావడంతో అసలు పేరు పోయి గ్రీజు మనిషి అన్న పేరు నిలిచింది. కోపం వస్తే ఇంట్లో అత్తగారు కూడా అలాగే పిలుస్తుంది.

కిందటి వానాకాలం పాత కోటు భుజం దగ్గర కారింది. తడిసిన ఒంటితోనే పని ముగించింది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరి ఆస్పత్రి పాలైంది. తిరిగి వచ్చిన రోజు మేస్త్రీ ఒక్క మాట చెప్పాడు.

"ఇంకోసారి తడిశావంటే టికెట్ల కిటికీయేనమ్మా. డాక్టరు సంతకం పెట్టడు, నేను పైకి పంపను."

టికెట్ల కిటికీ నుంచి ఎదుటి గోడ కనిపిస్తుంది. మూడో స్తంభం మీంచి మబ్బుల వీపు కనిపిస్తుంది.

అందుకే ఆఫీసు వాళ్లు కోటు కొనిస్తామన్నప్పుడు ఆమె రెండు తెప్పించుకుంది. శుక్రవారానికి ఒకటి తిప్పి ఇచ్చేయాలి. మొదటిదాని మెడ దగ్గర కొండ బొమ్మ ఉంది. అది కింద లోయలోని ఫ్యాక్టరీలో తయారైంది. ఆమె భర్త అక్కడే, గుడ్డకు నీళ్లంటని పూత వేసే షెడ్డులో పనిచేస్తాడు. కోటు కొన్నవాళ్ల పేరు మీద కొండపైన ఒక మొక్క నాటుతామని చీటీలో రాసి ఉంది. రెండోది ఎక్కడో దూరాన కొందరు కుట్టుపనివాళ్లు కలిసి నడుపుకునే చోటు నుంచి వచ్చింది. నూలు గుడ్డకు మైనం పట్టించారు. మైనం మళ్లీ ఎలా పట్టించాలో, చిరిగితే ఎక్కడికి పంపాలో రాసిపెట్టారు. ఇంకేమీ రాయలేదు.

సోమవారం సెలవు. ఆమె పెరట్లో స్టూలు వేసుకుని, ఒక కోటు తర్వాత ఒకటి తొడుక్కుని, వాన కింద కూర్చుంది.

"కోడలిని పెరట్లో నానబెట్టానని ఊరు ఊరంతా నన్నే ఆడిపోసుకుంటుంది" అంది అత్తగారు కిటికీలోంచి.

"ఇంకా నానలేదత్తయ్యా."

"నానాక చెప్పు. దండెం మీద ఆరేస్తాను."

కొండ బొమ్మ కోటులోకి మూడు గంటలైనా చుక్క దిగలేదు. మైనం కోటు రెండు గంటలు ఆగింది. ఆ తర్వాత భుజాల దగ్గర చెమ్మ తగిలింది.

సాయంత్రం భర్త వచ్చి సంగతి విన్నాడు. "తేలిపోయిందిగా! మాదే గెలిచింది. ఇంకా ఆలోచనేంటి?"

"మీ ఫ్యాక్టరీ వెనక వాగు."

"మళ్లీ మొదలెట్టావా?"

ఆ వాగు కింద నడిచేవాళ్లకు కనిపించదు. ఫ్యాక్టరీ గోడ అడ్డం. మూడో స్తంభం మీద నిలబడితే, మబ్బు విడినప్పుడు కనిపిస్తుంది. పూత వేసే రోజుల్లో ఫ్యాక్టరీ గొట్టం మూతి నుంచి మలుపు దాకా నురగ ఉంటుంది.

"నురగ సబ్బుదైనా కావచ్చు" అన్నాడు.

"సబ్బుకు నీ అరచేతుల తోలు ఊడుతుందట్రా?" అంది అత్తగారు. "ఉల్లిపొరలా లేచిపోతోంది. నేను చూడట్లేదనుకోకు."

"అమ్మా, నువ్వు ఊరుకో." అతను భార్య వైపు తిరిగాడు. "నా జీతం ఇంటికి పనికొస్తుంది. నేను పూత వేసిన కోటు మాత్రం నీకు పనికిరాదు. బాగుంది న్యాయం."

ఆమె మైనం కోటును దులిపి చూరు కింద ఆరేసింది.

అతను ఆమె వెనకే వచ్చాడు. "నీ ఊపిరి కంటే వాగు ఎక్కువా?"

మంగళవారం మబ్బు మొదటి స్తంభం కిందే ఆగి ఉంది. పెట్టె అందులోకి వెళ్లింది. కింద నేల పోయింది, పైన తీగ పోయింది. కొక్కేనికి ఉన్న కొండ బొమ్మ కోటు ఆమెకు ఎదురుగా ఊగింది. తలుపు సందులోంచి గాలి దూరి దాని చేతులు నిండాయి. ఎదురు తీగ మీద ఖాళీ పెట్టెలు ఒక్కొక్కటే వచ్చి దాటిపోయాయి. మొదటి స్తంభం అయింది. రెండోది అయింది. వాన పెద్దదైంది.

రెండో స్తంభం దాటాక కునుకు పట్టిందో లేదో ఆమెకు తెలియదు. ఎదుటి కోటు లేచి తలుపు తీసుకుని మబ్బు మీదికి దిగింది. మబ్బు నురగలా చీలమండల దాకా వచ్చింది. అక్కడ ఆమె భర్త వంగి చేతులు కడుక్కుంటున్నాడు. కడిగిన కొద్దీ చేతులు చిన్నవవుతున్నాయి. పసివాడి చేతులంత అయ్యాయి. అతను ఇంకా కడుగుతూనే ఉన్నాడు.

"మూడో స్తంభం. దిగమ్మా" అంది వాకీటాకీలో మేస్త్రీ గొంతు.

కోటు కొక్కేనికే ఉంది. ఏడున్నర దాటింది. మైనం కోటుకు రెండు గంటలూ నిండబోతున్నాయి. కింద మబ్బు విడింది. వాగు మలుపు దాకా తెల్లగా ఉంది.

ఆమె కొండ బొమ్మ కోటు అందుకుంది. ఒక చెయ్యి తొడిగింది. తీసేసింది. మళ్లీ కొక్కేనికి తగిలించింది.

"మేస్త్రీ గారూ, పెట్టె కిందికి తిప్పండి."

"ఇంకా రెండు మిగిలాయిగా?"

"అవి రేపు. ఇక నుంచి పూటకు రెండే స్తంభాలు."

"అంటే నేనూ వారానికి రెండు పూటలు తెల్లారకుండా లేవాలి!"

"మీకు ఎలాగూ నిద్ర పట్టదంటారుగా."

"పట్టదు. పడుకోవడం ఇష్టం." వాకీటాకీ కాసేపు గరగరలాడింది. "తడిశావా?"

ఆమె మెడ కిందికి చెయ్యి పెట్టి చూసింది. "లేదు."

"రెండో పూటకు జీతం రాదు."

"తెలుసు."

"తడిసిన రోజు మాత్రం నా మాట నాదే."

"అలాగేనండి."

పెట్టె వెనక్కి కదిలింది.

బుధవారం మిగతా రెండు స్తంభాలకూ గ్రీజు పడింది. ఆ పూటా వాన కురిసింది. కిందికి వచ్చాక మేస్త్రీ ఆమె కోటు విప్పించి, లోపలి గుడ్డ తడిమి చూశాడు. వచ్చే వారం స్తంభాల డ్యూటీ ఆమెకే వేశాడు.

శుక్రవారం ఉదయం భర్త కొండ బొమ్మ కోటును తనే మడిచి ఫ్యాక్టరీ అమ్మకాల కౌంటరుకు తీసుకెళ్లాడు. ఎందుకు తిప్పి ఇస్తున్నారని గుమాస్తా అడిగాడు.

"మా ఆవిడ వద్దంది."

"సైజు చాల్లేదా?"

"సైజు బాగానే ఉంది." అతను వెళ్లిపోలేదు. తోలు లేచిన చేతులు కౌంటరు మీద పెట్టాడు. "రోప్‌వే మూడో స్తంభం మీంచి మన ఫ్యాక్టరీ వెనక వాగు కనిపిస్తుందట."

గుమాస్తా కోటు తీసుకుని రసీదు ఇచ్చాడు.