ఇరుకు అక్షరాలు

బస్సు నుదుటి మీది బోర్డు పెరగదు; స్టాపుల పేర్లేమో పెరుగుతూనే ఉన్నాయి. అందుకే బోర్డుల కాంట్రాక్టరు లావుగా, ఇరుకుగా, ఏ వంపుసొంపులూ లేని సాదా అక్షరాలు గీసిమ్మన్నాడు. “రోడ్డు అవతల నిలబడ్డ మనిషి చదవగలగాలి. లేదంటే పని ఇంకొకరికి ఇచ్చేస్తా,” అన్నాడు. మర్నాడే చూపించాలి.

కంప్యూటరు మీద అక్షరాలకి రూపాలు గీయడం ఆమె పని. ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషి ఆమె. ఏం పని చేస్తున్నావని తల్లి ఫోనులో అడిగితే ఉన్నమాట చెప్పింది.

“ఉన్న అక్షరాలు చాలవా తల్లీ, కొత్తవి గీస్తున్నావ్?” అని తల్లి నవ్వింది.

తెలుగు అక్షరాన్ని లావు చేస్తే కడుపు మూసుకుపోతుంది. పక్కల నుంచి నొక్కితే ఊపిరే ఆడదు. ఆమె ‘గ్రంథాలయం’ అనే స్టాపు పేరుని పెద్ద కాగితం మీద అచ్చు వేసి, బాల్కనీకి క్లిప్పులతో తగిలించి, మెట్లు దిగి రోడ్డు దాటి చూసింది. చక్కగా కనబడింది. కనబడదూ మరి, రాసిన చేతికి తెలియనిదా! ఈ పరీక్షకి తనవి కాని కళ్లు కావాలి.

“ఫోటో పంపక్కా, చెప్తా,” అన్నాడు తమ్ముడు, ఫోను చేస్తే. ఫోన్లో వేళ్లతో లాగి చూస్తే చీమైనా ఏనుగే. అది కుదరదు.

ఆ గదిలో అద్దెకు దిగి చాలాకాలమైనా వీధిలో ఎవరితోనూ మాట కలపలేదామె. తిరిగి బాల్కనీలోకి వచ్చి కాసేపు తటపటాయించింది. చివరికి ఎదురు కొట్లో మిషను కుడుతున్న టైలర్ని కేకేసింది.

“బాబాయ్ గారూ! ఈ కాగితం మీద ఏముందో కాస్త చదివిపెడతారా?”

అంత గట్టిగా మాట్లాడి ఎన్నాళ్లయిందో, గొంతు బొంగురుపోయింది.

ఆయన కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని చూశాడు. “గొంగళిపురుగు!”

“అంటే?”

“మధ్యలో ఒకటి బాగా మెక్కి పడుకుందమ్మాయ్!”

థా. దాని కడుపులో చుక్క నల్లటి ముద్దలో కలిసిపోయింది. ఆమె లోపలికెళ్లి, ఆ అక్షరాన్ని లోపలి వైపు నుంచి సన్నం చేసి, మరో కాగితం తగిలించింది.

“ఇప్పుడో?”

“పురుగు లేచి కూర్చుంది గానీ, ముందున్న సున్నా దాన్ని మోచేత్తో పొడుస్తోంది.”

“సర్ది తెస్తా, ఉండండి!”

“నేనెక్కడికి పోతాను? ఈ పంట్లాం కాళ్లు ఇరుకు చెయ్యాలిగా!”

“నాదీ అదే పని బాబాయ్ గారూ!”

తన నవ్వు తనకే కొత్తగా వినబడింది.

పొద్దువాలుతుండగా మూడో కాగితం కట్టింది. ఆయన గుమ్మంలోకి వచ్చి “గ్రంథాలయం!” అని వీధంతా వినబడేలా చదివాడు. “ఇంక వంక లేదు. తీసెయ్ అమ్మాయ్!” అని, షట్టరు దించి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పని దక్కినట్టే. కాంట్రాక్టరు ఇక కాదనలేడు. ఆమె క్లిప్పులు ఊడదీసి లోపలికి వచ్చింది. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే. కంప్యూటరు ముందు కూర్చుని, ‘అ’ మొదలుకుని ఒక్కో అక్షరాన్నీ పెద్దది చేస్తూ, మళ్లీ కేకెయ్యడానికి ఇంకా ఎక్కడైనా కడుపు మూసుకుపోయిందేమోనని ఆశగా వెతకసాగింది.