కడవలో కలిపిన నట్టల మందు

చచ్చిన గొర్రెను భుజాన వేసుకొచ్చి పశువుల ఆసుపత్రి మెట్ల మీద దబ్బున పడేసింది హంపమ్మ. మంత్రాలయం దగ్గరి ఆ ఊళ్లో తొలకరి పడి పచ్చిక లేచిందో లేదో, చిటుక రోగం వచ్చి పడింది. సాయంత్రం ఎగిరిన గొర్రె తెల్లారేసరికి కాళ్లు చాచేస్తోంది. మొగుడు పోయినాక ఆమె బతుకంతా ఆ గొర్రెలే. వాటిలో సగం అప్పుడే గుంతల్లోకి పోయాయి. కడుపు మండదా మరి!

"టీకా ఏసినానంటివే డాక్టరమ్మా! సూదిలో మందు పెడితివా, బాయి నీళ్లు పెడితివా?"

డాక్టర్ శ్రీవిద్యకు కూడా కోపం ముక్కు మీదే ఉంటుంది. కర్నూలు బజారులో కొట్టు నడిపే వాళ్ల పిల్ల, ఊరికే మాట పడే రకం కాదు. "నా టీకాను అనే ముందు దీని కడుపు చూద్దాం రా" అని అక్కడే కోసింది. కడుపు లోపలి పొరను కరుచుకుని, సన్నటి ఎర్ర దారాల్లాంటి నట్టలు కుప్పలు కుప్పలుగా మెదులుతున్నాయి. హంపమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"టీకాకు ముందు నట్టల మందు తాపమని సీసాలిచ్చి పంపితి గదా. తాపలేదా?"

"తాపకుండా ఏమి? అన్నిట్కీ తాపితిమి."

"మరి ఇవి ఎట్ల బతికినాయి? ఇవి ఉత్త నెత్తురు తాగి ఊరుకునేవి కావమ్మా. ఒంట్లోంచి ఒక రకం ప్రొటీన్లు వదుల్తాయి. గొర్రె నెత్తురులో తెల్లకణాలుంటాయి, రోగానికి కావలి కాసేవి అవే. ఈ ప్రొటీన్లు తగిలితే అవి మత్తులో పడతాయి. నట్టనూ ఏమనవు, నేనేసిన టీకానూ పట్టించుకోవు. రోగం వచ్చేసరికి కొట్లాడేవాళ్లే లేరు. ఒక్కోదానికి ఎంత తాపినారు?"

ఆసుపత్రి ఇచ్చింది ఊళ్లో సగం గొర్రెలకు సరిపోయే మందు. సర్పంచు వెంకటేశ్వర్లు దాన్ని కడవ నీళ్లలో కలిపి ఇంటింటికీ చెంబులతో సమానంగా పంచాడు. ఊరంతా ధర్మరాజంటే నువ్వేనని పొగిడింది. అందరికంటే పెద్ద గొంతుతో పొగిడింది హంపమ్మే. హంపమ్మ ఆ కడవ సంగతి చెప్పగానే శ్రీవిద్య కత్తిని తొట్టిలోకి విసిరికొట్టింది.

"సగం మందుకు నట్ట చావదమ్మా. ఇప్పుడు చెప్పు, నీళ్లు పెట్టింది నేనా, మీరా?"

వారానికి మళ్లీ మందు వచ్చింది. అదీ అరకొరే. శ్రీవిద్య వద్దంటున్నా వినకుండా, కొత్త సెల్‌ఫోను చొక్కా జేబులో ఊగుతుండగా సర్పంచు పంచాయతీ ఆఫీసు ముందు మళ్లీ కడవ నింపించాడు. సీసా మూత తీయబోతుంటే హంపమ్మ దూసుకొచ్చి ఆ కడవను ఒక్క తన్ను తన్నింది.

"ఏమే, తిక్కగాని పట్టెనా నీకు?"

"పట్టింది! నీ సమానం సల్లగుండ, నా గొర్రెల్ని మింగింది గదప్పా! తాపితే నిండా తాపు, లేకుంటే తాపొద్దు."

"నిండా తాపితే సగం ఇండ్లకే వస్తాది. ఎవురికి మానేద్దాం, నీకా?" అని వెటకారంగా నవ్వాడు.

జనం ఎవరి గొర్రెలను వాళ్లు దగ్గరికి లాక్కున్నారు. ఎవరి గొర్రెలు వాళ్లకు ముద్దు. హంపమ్మ తన వాటికేసి చూసింది. దవడల కింద నీరు దిగి వేలాడుతోంది. చూడివన్నీ అప్పటికే చచ్చాయి.

"చూడి గొర్రెలుండే ఇండ్లకు ముందు తాపు. అందరికంటే చూడివి ఎక్కువుండే గిడ్డయ్యతో మొదులుపెట్టు."

శ్రీవిద్య ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, సర్పంచు చేతిలోని సీసా లాక్కుని కొలిచి తాపడం మొదలుపెట్టింది. హంపమ్మ వంతు రాకముందే సీసాలు ఖాళీ అయ్యాయి.

"ఇప్పుడేమంటావు? నా మాట ఇనింటే నీకూ ఒక చెంబు వచ్చేది గదా" అన్నాడు సర్పంచు.

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయిగానీ గొంతు మాత్రం తగ్గలేదు.

"సస్తే రోగంతో సస్తాయి లేప్పా! నీ న్యాయంతో మాత్రం సావవు" అని గొర్రెలను ఇంటికి తోలుకుపోయింది.