బ్రేకు మీద కాలు

మా దగ్గర పడవలు దించడానికి రెండు ర్యాంపులు ఉన్నాయి. ఊరి ర్యాంపు ఇంటికి నాలుగు నిమిషాల దూరం. రాష్ట్రం వాళ్ళు కట్టించినది ఎనిమిది మైళ్ళ అవతల. అది పొడవైనది, పాటుకు నీళ్ళు ఎంత వెనక్కి తీసినా దాని చివర లోతు నీళ్ళలోనే ఉంటుంది. ఊరి ర్యాంపు అలా కాదు. పాటు వేళ దాని సిమెంటు అంచు మోకాలి లోతులోనే ఆగిపోతుంది. ఆ తరవాత గొయ్యి.

ఆ గొయ్యి సముద్రం తవ్వింది కాదు, మా వాళ్ళే తవ్వారు. ఒడ్డుకు తెచ్చిన పడవను తాడు చుట్టి ట్రైలర్ మీదికి లాగే ఓపిక లేక, ఇంజను జోరుతో ఎక్కించేస్తారు. ఆ విసురుకు అడుగున కంకర కొట్టుకుపోతుంది. అలా చేయవద్దని ర్యాంపు పైన బోర్డు ఉంది. మా నాన్న ఆరిన్ ఇరవై ఏళ్ళుగా ఆ బోర్డుకు తన తడి చేతి తొడుగులు ఆరేస్తున్నాడు.

అక్టోబరు ఆఖరి వారం. చలికాలం ముదిరేలోగా రేవు లోపల వేసిన లాబ్‌స్టర్ బోనులు తీసేయాలి. ఆ రోజు అమావాస్య పాటు, మామూలు కన్నా బాగా కిందికి పోయింది. నీళ్ళు పెరిగేదాకా, పదింటి వరకు ఆగుదామన్నాను. లేదంటే పెద్ద ర్యాంపుకి పోదామన్నాను. అది మడత కుర్చీలతో వచ్చే షికారువాళ్ళ కోసం అన్నాడు నాన్న. చక్రాలకు పెట్టే అడ్డుచెక్కలు షెడ్డులో ఉండిపోయాయని గుర్తు చేస్తే, అవీ వాళ్ళకే అన్నాడు. ఆయన చెప్పినట్టే ట్రక్కు ఎక్కాను. నాకు అదే అలవాటు.

బండల మీద హెస్టర్ అత్త వంగి నత్తలు ఏరుకుంటోంది. మా పక్కింటావిడ.

"నీళ్ళు ఎక్కడున్నాయో చూశావా ఆరిన్, ఆ తెల్ల గుర్తు చూసుకునే పోతున్నావా?"

"నా పెళ్ళాం గురించి కన్నా ఈ రేవు గురించే బాగా తెలుసు నాకు."

"అందుకేగా ఆవిడ బ్యాంగర్ పట్నంలో ఉంటోంది."

నాన్న నవ్వాడు. వెనక ట్రైలర్ మీద పడవను బిగించిన పట్టీలు విప్పి, పడవ తాడు పట్టుకుని నేను ఒడ్డున నిలబడ్డాను. ఎప్పటిలాగే ర్యాంపు పక్కనున్న చెక్క బల్లకట్టుకు ఆనించినంత దగ్గరగా ట్రక్కును వెనక్కి పోనిచ్చాడు. అలా ఆపితే తలుపు తీసి నేరుగా బల్లకట్టు మీదికి దిగవచ్చు. బండ మీద తెల్ల రంగు గుర్తు దాకా వెళ్ళి ఆగాలి. ఆగాడు. అయితే గుర్తు కింద సిమెంటు లేదు. గొయ్యి లోపలి నుంచి తినేసిన అంచు విరిగి, ట్రైలర్ చక్రాలు రెండూ పడిపోయాయి. ట్రక్కు బారెడు వెనక్కి జారి, పక్కకు తిరిగి, నాన్న వైపు తలుపు బల్లకట్టు గుంజకు అదుముకుపోయి ఆగింది. ఇంజను ఆరిపోయింది.

అప్పుడు నాకు అర్థమైంది. చేతి బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. అవి పాచి మీద ఉన్నాయి. పాచి లేని సిమెంటు మీద ఉన్న ముందు చక్రాలను పట్టి ఉంచింది నాన్న కాలు ఒక్కటే. ఆ కాలు తీస్తే ట్రక్కు ఆయనతో సహా లోతు నీళ్ళలోకి పోతుంది. తీయకుండా అవతలి తలుపుకు జరగలేడు. పైగా పోయినేడు తుంటి ఎముక మార్చింది ఆ కాలికే.

పోటు మొదలై అప్పటికే గంట అయింది, నీళ్ళు పెరుగుతున్నాయి.

హెస్టర్ అత్త బుట్ట వదిలేసి, మేనల్లుడి ట్రక్కు తేవడానికి రోడ్డు ఎక్కింది. ఆ రేవులో ఫోను పలకదు. నేను రాళ్ళు తెచ్చి ముందు చక్రాల వెనక పెట్టాను. మా ఒడ్డు రాళ్ళు గుండ్రనివి. ఒక్కొక్కటే దొర్లి నీళ్ళలోకి పోయాయి. నాన్న అద్దంలోంచి చూస్తున్నాడు. నీళ్ళు తలుపు అంచుకు వచ్చాయి. ఆయన మోకాలు వణకడం బయటికి కనిపిస్తోంది.

తెడ్డు తెచ్చాను, బ్రేకుకూ సీటుకూ మధ్య పెడదామని. చాలా పొడవు. విరగ్గొట్టబోతే విరగలేదు. అప్పుడు ట్రక్కు వెనక తొట్టిలో నేను గుల్లలు తవ్వే పళ్ళ పార గుర్తొచ్చింది. బురదలో వంగి తవ్వడానికి దాని పిడి మూరెడే ఉంటుంది.

అవతలి తలుపు తీసి ఎక్కబోయాను.

"నువ్వు రావద్దే," అన్నాడు నాన్న. "ఇది కదిలిందంటే ఇద్దరం పోతాం."

"కాలు కాస్త పక్కకు జరుపు నాన్నా. ఎత్తకు."

ఆయనకు నేను పని చెప్పడం అదే మొదటిసారి. బూటును అంగుళం పక్కకు జరిపాడు. ట్రక్కు ఒకసారి మూలిగింది. నీళ్ళు నిండిన అడుగున మోకాళ్ళ మీద కూర్చుని, పార పళ్ళను పెడలు మీద ఆనించి, పిడి కొసను సీటు కింది ఇనప కమ్మీకి తన్నిపెట్టబోయాను. రెండు వేళ్ళ సందు మిగిలింది.

"సీటు ముందుకు లాగు."

చెయ్యి కిందికి పోనిచ్చి మీట లాగాడు. సీటు ఒక గాటు ముందుకు వచ్చింది, మరో గాటు వచ్చింది. పిడి బిగుసుకుంది. తోసి చూశాను, కదల్లేదు.

"ఇక కాలు తియ్యి నాన్నా."

"తీశాను."

తీయలేదు. బూటు పెడలు మీదే ఉంది. ఆయన ముందుకు చూస్తూ, తీశాననే అనుకుంటున్నాడు. మొద్దుబారిన ఆ కాలిని పిక్క దగ్గర రెండు చేతులతో పట్టి నేనే ఎత్తాను. తడిసిన దిమ్మలా బరువుగా ఉంది. పార నిలిచింది. ఆయన చంకల కింద చేతులు వేసి, సీటు మీదుగా నా వైపు లాక్కున్నాను. పక్కటెముకలు చేతికి తగిలాయి. ఆయన అంత సన్నబడ్డాడని అప్పటిదాకా తెలియదు.

ర్యాంపు పైన బోర్డు కింద కూర్చున్నాం. కాసేపటికి నీళ్ళు పడవను ట్రైలర్ మీంచి మెల్లగా లేపాయి, ఎవరి సాయమూ లేకుండా. రోడ్డు మలుపులో ట్రక్కు చప్పుడు వినిపించింది.  నాన్న పొద్దున ఆరేసిన తొడుగులను చెయ్యి చాచి బోర్డు మీంచి తీశాడు, నా చేతులు నీలంగా ఉన్నాయని నా ఒళ్ళో పెట్టాడు.